గట్టువాడ గ్రహణ శాతం

నమోదు 1

పడవ దిగినప్పుడు కాళ్ళకు అంటిన బురద ఇంకా పోలేదు. ఇక్కడ మంచినీళ్ళతో కాళ్ళు కడుక్కోవడం దొంగతనంతో సమానమట. ఉప్పునీళ్ళతో కడిగితే బురద పోయి ఉప్పు పేరుకుంటుంది. రెంటిలో ఏది మేలో తేల్చుకోలేక బురద కాళ్ళతోనే బడికి వెళ్ళాను.

బడి సముద్రపు గోడకు ఆనుకుని ఉంది. పోటు సమయంలో గోడ అవతలి నీళ్ళు బడి కిటికీల కంటే ఎత్తులో ఉంటాయి. వాడలో అందరికీ తెలుసు, ఎవరూ ఆ మాట ఎత్తరు.

నేను వచ్చింది మాధ్యమ సమీక్షా మండలి తరఫున. ఏ వాడ పిల్లలకు ఏ భాషలో చదువు చెప్పాలో మా మండలి తేలుస్తుంది. ఏడాదిపాటు ఒక భాషలో చెప్పి చూస్తారు. గ్రహణ శాతం తొంభై దాటితే ఆ భాషకు ముద్ర వేస్తారు. ఒకసారి ముద్ర పడితే ఒక తరం దాకా కదలదు. గట్టువాడలో ఈ ఏడాది సేతు భాష పెట్టి చూశారు. సేతు ఎవరింట్లోనూ పుట్టిన భాష కాదు, కార్యాలయాల కోసం నాలుగైదు భాషలను అతికి చేసింది. ఉద్యోగాలన్నీ అందులోనే ఉన్నాయి కాబట్టి తల్లిదండ్రులకు దానిమీదే మోజు. ఆ మోజును తప్పు పట్టే ధైర్యం నాకు లేదు. నా జీతమూ సేతులోనే వస్తోంది.

గట్టువాడ గ్రహణ శాతం: తొంభై ఎనిమిది. అంకె సరిగ్గా ఉందని చూసి సంతకం పెట్టడం నా పని. పెడితే పాఠాలు పూర్తిగా యంత్రానికే పోతాయి, ఇక్కడ ఉన్న ఒకే ఒక్క మాస్టారు, ఏసుబాబు గారు, వేరే పని వెతుక్కోవాలి.

బడి లోపలికి వెళ్ళేముందు ఆ చప్పుడు విన్నాను. చూరులో పావురాలు కాపురం పెట్టినట్టు ఒకటే మూలుగు. ఊ. ఊ. ఊ. ముప్పైమంది పిల్లలు చెవుల్లో పాఠం చెప్పే చెవిగింజలు పెట్టుకుని, కళ్ళు కిటికీ మీద ఆనించి, ఊ కొడుతున్నారు. గింజ ఒక వాక్యం చెప్తుంది, ఆగుతుంది. ఊ వినిపిస్తే తర్వాతి వాక్యానికి వెళ్తుంది. వినిపించకపోతే అదే వాక్యాన్ని మళ్ళీ, ఇంకొంచెం నెమ్మదిగా, ఇంకొంచెం గట్టిగా చెప్తుంది. ఎన్ని వాక్యాలకు మొదటిసారే ఊ వచ్చిందో, అదే గ్రహణ శాతం.

మాస్టారు ఒక మూల స్టూలు మీద కూర్చుని గింజలకంటిన గుబిలి తుడుస్తున్నారు.

"మీరు పాఠం చెప్పరా?" అన్నాను.

"నేను చెప్తే శాతం పడిపోద్దంటండి. తుడిచి, ఛార్జింగు పెట్టి, పంచిపెడతన్నాను. నన్ను మాస్టారూ అంటన్నారు గానీ తమలపాకులమ్మే వాడికీ నాకూ పెద్ద తేడా లేదండి."

చేతిలోని గుడ్డను నా ముందు దులిపారు. నేనొక అడుగు వెనక్కి వేశాను. గుడ్డ వల్లా, మాట వల్లా అన్నది చెప్పలేను.

నమోదు 2

నన్ను గంగాలమ్మ అనే ముసలమ్మ ఇంట్లో దించారు. ఆమె మనవరాలు నూకరత్నం ఐదో తరగతి. తల్లీ తండ్రీ పడవ మీద పోయి నెలకోసారి వస్తారు.

నేనూ వాళ్ళ పనుల్లో చెయ్యి వేశాను: పొద్దున్న వాన తొట్టి మీద గుడ్డ సరిచెయ్యడం, కరెంటు చేసే ఎండ పలకల మీద ఉప్పు గీకడం, ఆరేసిన చేపల మీద ఈగలు వాలకుండా చూడడం. గీకిన ఉప్పు గోళ్ళలో ఇరుక్కుని మంట. మధ్యాహ్నం ఎండకు వాడ మొత్తం తలుపులు వేసుకుని పడుకుంటుంది. ఆ వేళ గంగాలమ్మ మనవరాలికి కథ చెప్పింది. రాజుగారి ఏడో కూతురు చేపను పెళ్ళాడిన కథ. నూకరత్నం ఊ కొడుతోంది. బళ్ళో విన్న ఊయే. అదే బరువు, అదే సాగు.

కథ సగంలో ఉండగా ఊ ఆగింది. గంగాలమ్మ కూడా ఆగింది. వంగి చూసి, "పడుకుండిపోయింది, రాజుగారి కూతురు రేపు దాకా నీళ్ళలోనే ఉంటాది," అని తనూ అటు తిరిగి పడుకుంది.

పిల్ల లేచాక అడిగాను. "ఇవాళ బళ్ళో ఏం చెప్పారు?"

"పాఠమండి."

"దేని గురించి?"

"అది గింజకి తెలుసండి."

"మరి నువ్వు ఊ అన్నావు కదా. అర్థం కాకపోతే ఎందుకన్నావు?"

నూకరత్నం నన్ను జాలిగా చూసింది. "పాపం సెప్తన్నాది కదండీ. ఊ అనాపోతే మల్లీ మొదలెడతాది. దానికీ కట్టం, మనకీ కట్టం."

గంగాలమ్మ పక్కనుంచి అందుకుంది. "పెద్దోళ్ళు సెప్తుంటే ఊ కొట్టాల అని నేనే నేర్పినానమ్మా. మర్యాద తెల్దంటారు లేపోతే. మా పిల్లకి తొంబయ్యెనిమిది వచ్చిందంటగా?"

"వచ్చిందండీ."

"సేతు వచ్చేత్తే పై ఉజ్జోగం వచ్చేత్తాదంట. ఈ ఉప్పు గీకుడు దానికుండదు."

ఆమె ముఖంలో వెలుగు చూసి నేను కూడా ఊ అన్నాను. ఊ అంటే విన్నాను అని. ఊ అంటే చెప్పండి అని. అర్థమైంది అని ఊ అనడం ఈ భూమ్మీద ఎవరూ నేర్పలేదు. ఆ సంగతి గింజకు తెలియకపోవచ్చు. గింజను ఇక్కడికి తెచ్చిన మావాళ్ళకు తెలియదా? వాళ్ళందరూ ఎవరో ఒకరి ఒళ్ళో పడుకుని కథలు విన్నవాళ్ళే కదా!

నమోదు 3

ఇవాళ నీటితలుపు అభ్యాసం. గోడకు ఇళ్ళ వరసకొక ఇనుప తలుపు ఉంది. పెద్ద పోటు వచ్చినప్పుడు సత్తువున్న పెద్దవాళ్ళు పడవల మీద ఉంటారు కాబట్టి తలుపు దించే పని ఐదో తరగతి దాటిన పిల్లలదే. అందుకని ఐదో తరగతిలో నీటితలుపు పాఠం ఉంటుంది. గొలుసు కొక్కెం తీస్తే తలుపు గాడిలోకి జారుతుంది. అప్పుడు చెయ్యి గాడిలో ఉండకూడదు. పాఠం మొత్తం ఇంతే.

గింజ చెప్పింది. పిల్లలు ఊ అన్నారు. నూకరత్నానికి ఈ పాఠంలో నూటికి నూరు.

తర్వాత పిల్లల్ని తలుపు దగ్గరికి తీసుకెళ్ళారు. నూకరత్నం కుడిచేత్తో కొక్కెం పట్టుకుంది. ఎడమచెయ్యి ఆసరాకు గాడి అంచున పెట్టింది. మాస్టారు "ఒసే, చెయ్యి!" అని అరిచేలోపే కొక్కెం జారింది.

రెండు వేళ్ళు. వైద్యపడవ వచ్చేదాకా మాస్టారు తన చొక్కా చింపి కట్టు కట్టారు. పిల్ల ఏడవలేదు, బెదిరిపోయింది. చెవిలో గింజ ఇంకా ఉంది. అది తర్వాతి వాక్యం చెప్తున్నట్టుంది. పళ్ళు బిగించుకుని ఆ పిల్ల ఊ అంది.

నేను ఆ గింజను పీకి గోడ అవతలికి విసిరేశాను. నీళ్ళలో పడిన చప్పుడు కూడా రాలేదు.

నమోదు 4

మండలికి రాశాను. ఊ అనేది గ్రహింపు కాదని, శాతాలన్నీ మళ్ళీ చూడాలని, అంతదాకా ముద్ర ఆపాలని, పిల్ల వైద్యం ఖర్చు మండలి భరించాలని.

ఈ మధ్యాహ్నం జవాబు వచ్చింది. మా అధ్యక్షురాలు ప్రభావతి గారు చక్కటి సేతులో రాశారు. తెలుగులోకి మారిస్తే ఇలా ఉంటుంది: సదరు బాలికకు సదరు పాఠం పూర్తిగా అర్థమైనట్లు నమోదైంది. అర్థమై కూడా గాడిలో చెయ్యి ఉంచినందున ఇది బాలిక నిర్లక్ష్యం. వైద్యం ఖర్చు మండలికి వర్తించదు.

రెండుసార్లు చదివి బయటికి వెళ్ళి వాంతి చేసుకున్నాను. చేపల వాసన వల్ల అని గంగాలమ్మకు చెప్పాను. ఆమె నిమ్మతొన ఇచ్చింది.

జవాబులో ఏముందని అడిగింది. చెప్పాను. ఆమె చాలాసేపు చేపలు తిరగేసింది.

"మా పిల్లదే తప్పన్నారా?"

"అన్నారండీ."

"అర్దమైందని ఆళ్ళకెవరు సెప్పినారు?"

"తనే చెప్పిందట. ఊ అంది కదా."

గంగాలమ్మ చేపల బుట్ట పక్కకు జరిపింది. ఆమె నుంచి అలవాటుగా రావలసిన ఊ రాలేదు.

సాయంత్రం మార్కండేయులు గారు ఫోను చేశారు. మండలిలో తెలుగు మాధ్యమం కోసం పోరాడే కూటమికి ఆయనే పెద్ద. ఎక్కడ మాట్లాడినా తల్లిపాలతో మొదలుపెడతారు. ఇద్దరు మనవళ్ళూ సేతు బళ్ళోనే, ఖరీదైన గింజలతో.

"యశోధరా, అమ్మా, బంగారం లాంటి సంగతి పట్టుకున్నావు! సేతు శాతాలన్నీ ఉత్త ఊలేనన్నమాట! రెండు వేళ్ళు పోయాయన్నావు కదూ? ఫొటో ఉందా? కట్టు కట్టకముందుది?"

"లేదండీ."

"అయ్యో. పోనీ, కట్టుతో ఉన్నదైనా పంపు. తల్లిభాషలో చెప్పి ఉంటే ఆ వేళ్ళు ఉండేవి. ఆ ఒక్క వాక్యం రాసిపెట్టు చాలు."

రాయడానికి కూర్చున్నాను. వాక్యం బాగుంది. నిజమేనా?

నమోదు 5

తెలుగు గింజలు తెప్పించాను. మార్కండేయులు గారి కూటమి తయారుచేసిన పాఠమే, అదే నీటితలుపు. పిల్లలకు పెట్టి, నేనూ ఒకటి చెవిలో పెట్టుకున్నాను.

"జలనిరోధక కవాటావరోహణ సమయమున శృంఖలా విమోచనానంతరము హస్తములను అవతరణ కుల్యయందు నిక్షేపింపరాదు."

"ఊ," అన్నారు ముప్పైమందీ.

తొంభై తొమ్మిది శాతం వచ్చింది.

నేను మాత్రం ఊ అనలేకపోయాను. నా గింజ ఆ వాక్యాన్ని నా చెవిలో తిప్పి తిప్పి చెప్పింది. ప్రతిసారీ ఇంకొంచెం గట్టిగా. ఇరవై ఏళ్ళు చదివిన నాకే అర్థం కాలేదు. నా భాష అని నేను చెప్పుకునే భాషలో, చెయ్యి తియ్యమ్మా అని ఒక్క ముక్క దాని నోటి నుంచి రాలేదు.

గింజలన్నీ తీయించి మాస్టారిని చెప్పమన్నాను. ఆయన మొహమాటపడ్డారు. "నాకు పుస్తకం తెలుగు సరిగా రాదండీ."

"మీకు వచ్చిందే చెప్పండి."

ఆయన లేచి, పిల్లల్ని గోడ దగ్గరికి తీసుకెళ్ళి, ఒక వంకాయ తెచ్చి తలుపు గాడిలో పెట్టి, కొక్కెం లాగారు. వంకాయ నుజ్జయింది.

"ఇది ఎవరిదిరా?"

"వంకాయండి!"

"కాదు. నీ చెయ్యి. ఇప్పుడు సెప్పండి, ముందేం సెయ్యాల?"

గోల మొదలైంది. చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలండీ? గొలుసు తుప్పు పట్టి రాకపోతే? గాడిలో పీత ఉంటే? తలుపు సగంలో ఆగిపోతే తొంగి చూడొచ్చా? ఒకడు "రేపటి కూరకి వంకాయల్లేవు మాస్టారూ" అన్నాడు. నూకరత్నం కట్టు కట్టిన చెయ్యి ఎత్తి, "కుడిచెయ్యి గొలుసు మీదుంటే ఎడంచెయ్యి ఏటి సెయ్యాలండి?" అని అడిగింది. మాస్టారు నడుం మీద పెట్టుకోమన్నారు. అప్పటినుంచి పిల్లలందరూ దెబ్బలాటకు దిగిన పేరంటాళ్ళలా ఎడమచెయ్యి నడుం మీద పెట్టుకుని తిరుగుతున్నారు.

ఆ గంటసేపు ఊలు లెక్కపెట్టే మీటరు పక్కన పెట్టి ఉంచాను. ఒక్క ఊ లేదు. గ్రహణ శాతం సున్నా చూపించింది.

మార్కండేయులు గారికి రెండు అంకెలూ చెప్పాను. 

"తెలుగు గింజక్కూడా ఊలేనా?"

"ఊలేనండీ."

"అంటే, తెలుగు ముద్ర పడిన మన నలభై వాడల శాతాలు..."

"అవీ అంతే."

"చూడమ్మా యశోధరా," గొంతు మెత్తబడింది, "ఈ ఊ సంగతి ఎత్తితే మన ముద్రలూ పోతాయి. ఒక వాడ పోతే పోయింది. గట్టువాడ సేతుకే వదిలేద్దాం. నువ్వు సంతకం పెట్టెయ్యి. వేళ్ళ ఫొటో పంపక్కర్లేదు."

భాష కోసం దెబ్బలాడుకునే రెండు వర్గాలున్నాయని ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఉన్నది ఒకటే. కుర్చీలు మాత్రం ఎదురెదురుగా వేసుకున్నారు.

నమోదు 6

నేను సంతకం పెట్టలేదు. ఏమీ తేడా రాలేదు. సమీక్షకురాలు పెట్టకపోతే అధ్యక్షురాలు పెట్టవచ్చని నిబంధన ఉందట.

విచారణ ఎవరూ ఎదురుపడకుండా గింజల ద్వారానే జరిగింది. నా నివేదిక మొత్తం చదివాను. ఊ గ్రహింపు కాదన్నది మూడుసార్లు, మూడు రకాలుగా చెప్పాను. నేను చదివిన ప్రతి వాక్యానికీ సభ్యులు ఊ అన్నారు. మార్కండేయులు గారి ఊ అందరికంటే బరువుగా ఉంది. ప్రశ్నలున్నాయా అంటే ఎవరికీ లేవు. నా నివేదిక నూటికి నూరు శాతం గ్రహించినట్లు నమోదు చేసుకుని, గట్టువాడకు సేతు ముద్ర వేస్తూ ఆదేశం ఇచ్చారు. నీటితలుపు పాఠంతో సహా అన్నీ ఇక గింజే చెప్తుంది. గింజ తప్ప వేరెవరూ చెప్పకూడదు. వచ్చే అమావాస్యకు పెద్ద పోటు.

ఆదేశాన్ని వాడకు వినిపించే పని నాకే వేశారు. శిక్ష అనుకున్నారో, మర్యాద అనుకున్నారో!

మాస్టారు స్టూలు మీద కూర్చుని ఉన్నారు. నూకరత్నం కింద కూర్చుని ఒక చేత్తో గింజలు తుడుస్తోంది, ఆయనకు సాయం. నేను చెప్పింది విని మాస్టారు తల ఊపారు.

"ఎప్పటినుంచండీ అమలు?"

"వినిపించి, గ్రహించినట్లు నమోదయ్యాక. రేపు నడివాడలో పెద్దగింజ కడతారు. జనం ముందు అది చదువుతుంది. గుంపులోంచి ప్రతి వాక్యానికీ ఒక్క ఊ వస్తే చాలు, ముందుకు పోతుంది. రాకపోతే..."

అక్కడ ఆగాను. ఎందుకు ఆగానో నాకు తెలియదు. కావాలనే ఆగానని ఇప్పుడు అనిపిస్తోంది. అప్పుడు మాత్రం గొంతు ఎండింది అనుకున్నాను.

"రాపోతే?" అంది నూకరత్నం.

"మళ్ళీ చెప్తుంది."

"ఎన్నిసార్లండి?"

"ఎవరూ చూడలేదు."

ఆ పిల్ల చేతిలోని గింజను ఇంకొంచెం తుడిచి, బుట్టలో వేసి, మామ్మ దగ్గరికి వెళ్ళిపోయింది.

నమోదు 7

నడివాడలో వలలు ఆరేసే చోట స్తంభానికి పెద్దగింజ కట్టారు. వాడ మొత్తం వచ్చింది; ఊ రాకపోతే ఏమవుతుందో నూకరత్నం రాత్రే ఇంటింటికీ చెప్పిందట. సేతు కావాలని ఏడాదిగా కొట్లాడిన వాళ్ళూ వచ్చారు. అందరికంటే ముందు గంగాలమ్మ కూర్చుంది, పక్కన మనవరాలు. అర్థం కాలేదనే వంక ఎవరికీ ఉండకూడదని మండలి ఆదేశాన్ని రెండు భాషల్లోనూ చదివించింది. సేతులో ఒకసారి, వెంటనే తెలుగులో.

"గట్టువాడ పిల్లలకు ఈ ఏడాది చెప్పిన పాఠాలన్నీ అర్థమైనందున," అంది పెద్దగింజ, ఆగింది.

ఎవరూ మాట్లాడలేదు.

"గట్టువాడ పిల్లలకు ఈ ఏడాది చెప్పిన పాఠాలన్నీ అర్థమైనందున."

ఊ కొట్టకుండా ఉండడం ఎంత కష్టమో చూడని వాళ్ళకు చెప్పలేను. పుట్టిన దగ్గర్నుంచీ ఉన్న అలవాటు. ముసలివాళ్ళ గొంతులు కదులుతున్నాయి. ఒకాయన చుట్ట నోట్లో కుక్కుకున్నాడు. ఒకావిడ చంటిపిల్లకు పాలు పట్టింది, అదెక్కడ ఊ అంటుందోనని. మూడోసారి, నాలుగోసారి. గింజ గొంతు పెరిగింది. స్తంభం అదురుతోంది.

గంగాలమ్మ పెదవులు విడిపోయాయి. సేతు వస్తే మనవరాలికి ఉద్యోగం వస్తుందని నమ్మిన మనిషి. ఆమె ఊ అంటే తప్పు పట్టడానికి నేనెవరిని? నమ్మకం తప్పని నిరూపించే కాగితం ఏదీ నా దగ్గర లేదు.

ఆమె నూకరత్నం ఒళ్ళో ఉన్న కట్టు చేతిని చూసింది. చూసి, కొంగు తీసి నోట్లో కుక్కుకుంది.

ఎనిమిదోసారికో, తొమ్మిదోసారికో కొంగు తీసి, స్తంభం వైపు చెయ్యి చాపి, కథ చెప్పి అలసిన మనిషితో అన్నట్టు అంది. "ఎవులూ ఇంటం లేదమ్మా. ఆపెయ్యి. పడుకో."

జనం పగలబడి నవ్వారు. నవ్వు ఊ కాదు. గింజ మళ్ళీ మొదలుపెట్టింది.

నా చెవిగింజలో ప్రభావతి గారి గొంతు. "ఏమిటది, యశోధరా? ఎందుకు ఆగింది?"

"ఆగలేదండీ. చెప్తూనే ఉంది."

"నువ్వు గుంపులోనే ఉన్నావు కదా. నువ్వైనా ఊ అనెయ్యి. అధికారి ఊ కూడా ఊయే. ఇక్కడ భోజనాలు చల్లారిపోతున్నాయి."

అంతే. ఒక్క అక్షరం. ఉద్యోగమంతా నేను చేసింది అదే కదా. నాలుక మీద ఉప్పు రుచి తగిలింది. ఇక్కడికి వచ్చినప్పటినుంచీ పెదవుల మీద ఉన్నదే. పెదవులు మూసుకున్నాను.

"యశోధరా? వినిపిస్తోందా?"

వినిపిస్తోంది. అందుకే ఏమీ అనలేదు.

మాస్టారు లేచారు. ఆదేశం ఇంకా అమలులోకి రాలేదు కదా అన్నట్టు నా వైపు చూశారు. నేను తల ఊపాను, మాట బయటికి రాకుండా. ఆయన పిల్లలను వెంటబెట్టుకుని, ఒక బుట్టలో వంకాయలు పెట్టుకుని, గోడ వైపు నడిచారు.

ఇది రాస్తున్న వేళకు పెద్దగింజ గొంతు బొంగురుపోయింది. వాడవాళ్ళు దాని కిందే వలలు ఆరేసుకుంటున్నారు. ఎవరి పని వాళ్ళు చేసుకుంటున్నారు, నోళ్ళు మూసుకుని. అమావాస్య దాకా ఇలా ఉండగలరా? తెలియదు. మండలి రేపు ఇంకొకరిని పంపవచ్చు, ఊ అనడానికి. అదీ తెలియదు.

పిల్లలకు పాఠాలన్నీ అర్థమైనందున, అంటోంది గింజ.

గోడ దగ్గర నూకరత్నం గొంతు. "మాస్టారూ, మీరు సెప్పింది నాకు అర్దం అవలేదండి. మల్లీ సెప్పండి."